సరోజక్క ఇంటికి రెండో మెట్లు

పోయిన ఏడాది చిక్కడపల్లిలో నా ఆఫీసు మూసేశాను. డ్రాయింగ్ బోర్డును కొనేవాళ్లెవరూ దొరకలేదు. ఇప్పుడంతా కంప్యూటర్ల మీదే కదా. చివరికి కింద టిఫిన్ సెంటర్ నడిపే అతను తీసుకెళ్లి, దాని మీద కడిగిన ప్లేట్లు ఆరబెట్టుకుంటున్నాడు. నాకేం బాధనిపించలేదు. మంచి టేకు చెక్క, ఏదో ఒక పనికి వస్తోంది.

మా అక్క మనవరాలు ఈ మధ్యే ఆర్కిటెక్చర్ కాలేజీలో చేరింది. ఒక ఆదివారం వచ్చి, "అమ్మమ్మా, నువ్వు కట్టినవాటిల అన్నిటికంటె గొప్ప బిల్డింగ్ ఏంది?" అని అడిగింది. ఆలోచించి చూస్తే బిల్డింగులేవీ తట్టలేదు. తట్టినవన్నీ మనుషుల ముఖాలు. నేను తడుముకుంటూ ఉంటే తను విసుగొచ్చి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది. ఆరోజు చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. తను చదివినా చదవకపోయినా, ఈ పనిలోకి వచ్చే వేరే పిల్లలెవరైనా చదువుతారని.

మీకు దొరికే పని

కాలేజీలో మీ చేత మ్యూజియంలు, ఎయిర్‌పోర్టులు గీయిస్తారు. బయటికొచ్చాక మీకు దొరికేది ఒక చిన్న ప్లాటు, దానికి మూడు వైపులా పక్కిళ్ల గోడలు, ఈశాన్యంలో బాత్రూం పెడితే అన్నం ముట్టనని కూర్చున్న మామగారు, గదిగదికీ బాత్రూం కావాలనే కోడలు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరూ మీతోనే మాట్లాడతారు. మీరు పెన్సిల్ పట్టుకునే సమయం రోజులో చాలా తక్కువ. మిగతాదంతా వినడం, తిరగడం, ఎవరి గదుల ముందో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడడం.

నేను పనిచేసిన లోకం కూడా చిన్నదే. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, గాంధీనగర్, మహా అయితే హైదర్‌గూడ. సైట్లకు ఎక్కువగా నడిచే వెళ్లేదాన్ని. ఇప్పుడు అవే వీధుల్లో నడుస్తుంటే నేను గీసిన ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే కనిపిస్తాయి. మిగతావి కూల్చి అపార్ట్‌మెంట్లు లేపారు. మొదట్లో కూల్చేచోట నిలబడి చూసేదాన్ని. గునపం దెబ్బకు మొజాయిక్ గచ్చు పెచ్చులుగా లేచేది. తర్వాత్తర్వాత అటుపక్క వీధి తప్పించి పోవడం అలవాటు చేసుకున్నాను. ఇల్లు వాళ్లది. కూల్చుకునే హక్కు కూడా వాళ్లదే. ఈ సంగతి ఒప్పుకోలేనివాళ్లు ఈ వృత్తిలో సుఖంగా ఉండలేరు.

దామోదర్ సార్

నాకు పని నేర్పింది దామోదర్ సార్. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో, మేడ మీద ఆయన ఆఫీసు. ఎప్పుడూ నోట్లో పాన్ ఉండేది. అరిస్తే కింద దర్జీ షాపులో మిషన్ ఆగిపోయేది. నేను చేరేనాటికి ఆ ఆఫీసులో ఆడపిల్లలెవరూ లేరు. మొదటి రోజు నన్ను నిలబెట్టి, అందరి ముందూ ఒకటే మాటన్నారు.

"సూడమ్మా సుజాతా, ఈ ఆఫీసుల ఆడోళ్లకు వేరే బాత్రూం లేదు. పక్క గల్లీల మా చెల్లె ఇల్లున్నది. ఎప్పుడు కావాలంటె అప్పుడు పోయిరా. నన్నడగాల్సిన పని లేదు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ తర్వాత ఎందరో పెద్దవాళ్ల దగ్గర పనిచేశాక తెలిసింది, ఆడపిల్ల ఉద్యోగానికి వస్తే ముందుగా ఆలోచించాల్సింది అదేనని. ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆలోచించేవాళ్లే ఎక్కువ.

ఆయన పద్ధతి ఒకటుండేది. కొత్త ఇల్లు గీసేముందు, ఆ కుటుంబం అప్పటికి ఉంటున్న ఇంట్లో ఒక రోజంతా కూర్చుని రమ్మనేవారు. "వాళ్లు ఏం కావాల్నో చెప్తరు గని, ఎట్ల బతుకుతున్నరో చెప్పరు. కండ్లతోని జూసిరా" అనేవారు. నేను జీవితాంతం పాటించిన పాఠం అదే.

అలాగని ఆయన్ని దేవుణ్ని చేయను. ఇల్లు బాగా కుదిరితే ఆయన గీసినట్టు, కుదరకపోతే "మా పిల్లలు గీసిన్రు" అని. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

ఒకసారి దోమలగూడలో ఒక పెద్దమనిషి ఫంక్షన్ హాలు కట్టాలని వచ్చాడు. వందలమంది భోంచేసే హాలుకు బయటికి పోవడానికి ఒక్కటే ఇరుకు గేటు. ఇంకో గేటు పెడితే పార్కింగ్ పోతుందన్నాడు. దామోదర్ సార్ కాగితాలు చుట్టి ఆయన చేతిలోనే పెట్టి, "నా సంతకం దొరకది, వేరేటోళ్ల దగ్గరికి పోండ్రి" అన్నారు. మేమంతా ఆ రోజు ఆయన్ని చూసి గర్వపడ్డాం. ఆ హాలు ఇంకొకరి సంతకంతో, అదే ఇరుకు గేటుతో లేచింది. దేవుడి దయవల్ల అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే సార్ మనసు బాగుండేది కాదు. ఒకరోజు స్కూటర్ స్టాండ్ వేసి, మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడ్డారు.

"సంతకం పెట్టక నా పేరు బచాయించుకున్న. లోపల అన్నం తినేటోళ్లను బచాయించలే" అన్నారు. మరి ఏం చేసి ఉండాల్సిందో మాత్రం ఆయన చెప్పలేదు. ఆయనకూ తెలియదనుకుంటాను.

సరోజక్క ఇల్లు

నేను సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక గీసిన మొదటి ఇల్లు అశోక్‌నగర్‌లో లక్ష్మీకాంత్ గారిది. ఆయన బ్యాంకులో పనిచేసేవారు. భార్య సరోజక్క, కొడుకు మధు, ఆయన తల్లి. అప్పట్లో గాంధీనగర్‌లో ఒక కిరాయి పోర్షన్‌లో ఉండేవాళ్లు. సార్ చెప్పిన పద్ధతిలో నేను వెళ్లి ఒక రోజంతా కూర్చున్నాను. భర్త ఆఫీసుకు, కొడుకు స్కూలుకు పోయాక, అత్తగారు కునుకు తీసే వేళకు సరోజక్క ఒక గ్లాసులో చాయ్ పోసుకుని వెనక గుమ్మం మెట్టు మీద ఒంటరిగా కూర్చుంది. చాయ్ అయిపోయాక కూడా లేవలేదు. ఎదురుగా పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు. అయినా అక్కడే కూర్చుంది.

కొత్త ఇంట్లో ఏం కావాలని అడిగితే మాత్రం, "నాకేం గావాలె, వంటిల్లు జర పెద్దగుంటె చాలు" అంది.

నేను వెనక గదికి తూర్పు వైపున పెద్ద కిటికీ పెట్టి, దాని గట్టును షాబాద్ బండతో వెడల్పుగా వేయించాను. మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోగలిగేంత వెడల్పు. గృహప్రవేశం నాడు ఆమె ఆ గట్టు మీద చెయ్యి పెట్టి నావైపు చూసింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆమె అక్కడే కూర్చుని కనిపించేది.

ఇంటి మధ్యలో మెట్లు. మెట్ల పైన కప్పులో గాలి పోయే ఏర్పాటు. ఎండాకాలంలో కింది వేడి గాలి ఆ మెట్ల గుండా పైకెక్కి బయటికి పోయేది. మే నెలలో కూడా ఆ ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరిగితే చాలు. నలుగురు మనుషుల కోసం గీసిన ఇల్లు అది. నేను గీసినవాటిలో నాకు పూర్తిగా నచ్చినవి కొన్నే. వాటిలో ఇదొకటి.

మంచాలు

అత్తగారు పోయారు. చాలా ఏళ్ల తర్వాత లక్ష్మీకాంత్ గారూ పోయారు. మధు నడిపిన కంప్యూటర్ షాపు దెబ్బతిని మూతపడింది. ఈలోగా అశోక్‌నగర్ కూడా మారిపోయింది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి నిండిపోయారు. ప్రతి గల్లీలో కోచింగ్ సెంటర్, దాని పక్కన జిరాక్స్ షాపు, దాని ముందు ఉప్మా బండి. నిన్నటిదాకా కుటుంబాలు ఉన్న ఇళ్లకు హాస్టల్ బోర్డులు వేలాడాయి.

ఒకరోజు మధు నా ఆఫీసుకొచ్చాడు.

"ఆంటీ, మన ఇల్లు హాస్టల్ చేస్తున్న, ఆడపిల్లలకు. మీరు గీసిన ఇల్లే కద, జర పార్టిషన్లు కూడ మీరే గీసియ్యుండ్రి."

వెళ్లి చూశాను. హాలు, పడగ్గదులు, పై వరండా అన్నిటినీ ప్లైవుడ్‌తో ముక్కలు చేసి మంచం పక్కన మంచం వేయాలని అతని ఆలోచన. కింద వెనక గది ఒక్కటి మాత్రం సరోజక్కకు వదిలాడు.

"మధూ, ఇంతమంది ఉండేకాడ మెట్లు రెండు ఉండాలె. వెనకదిక్కు ఇంకో మెట్లు వెయ్యాలె" అన్నాను.

"మెట్లు ఉన్నయి కద ఆంటీ."

"ఒక్కటే ఉన్నది. అది గూడ ఇంటి నడుమ. కింద ఏమన్న అయితె పైనున్న పిల్లలు ఎట్ల దిగుతరు?"

"ఏమైతది ఆంటీ? ఇన్నేండ్లల్ల ఏమన్న అయిందా?"

"ఇన్నేండ్లు అండ్ల ఉన్నది మీరు నలుగురు."

మధు చెడ్డవాడు కాదు. అప్పుల్లో మునిగి, ఒడ్డు కోసం చూస్తున్నవాడు. మెట్లు వేస్తే ఎన్ని మంచాలు పోతాయోనన్న లెక్క అతని ముఖంలో కనిపిస్తోంది. "ఈ లైన్ల ఏ హాస్టల్‌కు రెండు మెట్లున్నయో చూపెట్టుండ్రి ఆంటీ, నేను గూడ వేస్త" అన్నాడు. నేను చూపించలేకపోయాను. నిజంగానే ఏ హాస్టల్‌కూ లేవు.

గీయనన్నాను. ఒక కాంట్రాక్టర్ వచ్చి, ఏ గీతా లేకుండానే పార్టిషన్లు వేసి పోయాడు. బోర్డు వేలాడింది.

దామోదర్ సార్ కుర్చీలో కూలబడి అన్న మాట నన్ను ఊరికే ఉండనీయలేదు. సరోజక్క దగ్గరికి పోయి చెప్పాను. ఆమె కిటికీ గట్టు మీద కూర్చుని అంతా విని, "నాకు సమజైతున్నది సుజాతా. గని వాడు ఇప్పటికే మస్తు పరేషాన్‌ల ఉన్నడు. ఇంకొక్క మాటంటె ఏం జేసుకుంటడో అని భయమైతది" అంది. అదే సమయానికి పైనుంచి ఒక అమ్మాయి సరోజక్కకు వేడినీళ్లు పట్టుకొచ్చింది. పేరు శిరీష, మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. తల్లిదండ్రులు మేస్త్రీ పనికి పోయి చదివిస్తున్నారు. ఈ ఇంటికి ఒక్కటే మెట్లున్నాయి, జాగ్రత్త అని ఆ అమ్మాయితో కూడా అన్నాను.

నవ్వింది. "మా ఊర్ల మా ఇంటికి మెట్లే లేవు మేడం" అంది.

ఆ తర్వాత ఇలాంటివి చూసే ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాను. అక్కడి కుర్రాఫీసరు మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్లు ఇప్పించి, "మేడం, ఈ ఏరియాల ఇసొంటియి గల్లీకి ఎన్నో ఉన్నయి. ఒక్కదాన్ని మూయిస్తె ఏమైతది? సరే, చూస్తం" అన్నాడు. మళ్లీ మళ్లీ వెళ్లాను. అవే మంచినీళ్లు, అదే మాట. చివరికి ఆ మెట్లెక్కే ఓపిక నాకు లేకపోయింది. ఈ వృత్తిలో మనిషిని అరగదీసేది పని కాదు, ఇదిగో ఈ "చూస్తం" అనే మాట.

పొగ

ఇలా ఉండగా ఒక సాయంత్రం. ఇంకా వెలుతురుంది. ఆఫీసులో ఉండగా సరోజక్క ఫోన్ చేసింది. "సుజాతా, ఇంట్ల పొగ..." అని దగ్గు. అంతే, ఫోన్ ఆగిపోయింది.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఎంత దూరమని. ఆ రోజు మాత్రం ఆ దారి ఎంతకూ తరగలేదు. ఆటో దొరక్క ట్రాఫిక్ మధ్యలోంచి నడిచాను, నడక కాదు, నా వయసులో సాధ్యమైన పరుగు.

మెట్ల కింద మీటర్ బోర్డు ఉండేది. ఒక కుటుంబానికి సరిపడే వైర్ల మీద హాస్టల్ బరువంతా పడింది. హీటర్లు, ఇస్త్రీ పెట్టెలు, ఫోన్ల చార్జర్లు. బోర్డు కాలి, పక్కనున్న చెప్పుల స్టాండుకు అంటుకుంది. మంట చిన్నదే. పొగ మాత్రం భయంకరం. వేడి గాలి పైకి పోవాలని నేను పెట్టిన దారే ఆ పొగను పీల్చుకుని నేరుగా పై అంతస్తుకు తీసుకుపోయింది. మెట్లు చిమ్నీ అయిపోయాయి. పైనున్న అమ్మాయిలు దిగబోయి, ఊపిరాడక వెనక్కి తిరిగి, వరండాలోకి పోయి నిలబడి అరిచారు.

పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అక్కడ కూలీలు పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మేస్త్రీ కుర్మయ్య నాకు ఎప్పటినుంచో తెలిసినవాడే, నా సైట్లలో చాలాసార్లు పనిచేశాడు. నేను వెళ్లేసరికి వాళ్ల స్లాబు అంచు నుంచి హాస్టల్ వరండా పిట్టగోడ మీదికి సెంట్రింగ్ చెక్కలు పరిచి ఉన్నాయి. ఆ చెక్కల మీద అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. మధ్యలో ఒక ఆడమనిషి చీర దోపుకుని, వంగి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని దాటిస్తోంది. కుర్మయ్య భార్య బాలమ్మ.

"కిందికి చూడకు బిడ్డా. నన్ను చూడు. నా మొఖం చూసుకుంట రా" అంటోంది.

వీధిలో జనం గుమిగూడి ఉన్నారు. కింద నుంచి చూస్తుంటే ఆ చెక్కలు ప్రతి అడుగుకూ ఊగుతున్నాయి. నా జీవితంలో ఎన్నో లెక్కలు కట్టాను, ఏ దూలం ఎంత బరువు మోస్తుందో. ఆ క్షణంలో ఒక్క లెక్కా బుర్రలోకి రాలేదు. చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కుర్మయ్య చెప్పాడు. "చెక్కలైతె ఏసినం మేడం. గని ఆ పోరగాండ్లు అడుగు పెట్టరైరి. గజగజ వణుకుతుండ్రు. నేను అరుస్తె ఇంకింత ఏడుస్తుండ్రు. గప్పుడు మా ఆడామె నన్ను పక్కకు జరిపి అటు నడిచిపోయింది. మల్ల ఇటొచ్చింది. మల్ల అటు పోయింది. 'సూసిండ్రా, ఏంగాలే' అన్నది. గప్పుడు కదిలిన్రు."

సరోజక్కను మధు వెనక తలుపు గుండా ఎత్తుకొచ్చాడు. కింద ఉన్నవాళ్లంతా బయటపడ్డారు. అందరూ వచ్చేశారనుకున్నాక, అమ్మాయిల్లో ఒకతె "శిరీష ఏది?" అంది. జ్వరంతో పడుకున్న రూమ్మేటు కోసం శిరీష లోపలికి తిరిగి పోయిందట. బాలమ్మ మళ్లీ చెక్కల మీద అటువైపు పోయింది. కుర్మయ్య ఆపలేదు, వెనకే తనూ పోయాడు. ఇద్దరూ తడిగుడ్డలు ముఖాలకు కట్టుకుని లోపలికి దూరారు. మధు రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను అతని పక్కన నిలబడి ఉన్నాను. అతన్ని తిట్టాలని కానీ, ఓదార్చాలని కానీ అనిపించలేదు.

ఇద్దరమ్మాయిలనూ బయటికి తెచ్చారు. జ్వరం పిల్ల త్వరగానే కోలుకుంది. పొగ ఎక్కువగా మింగింది శిరీష. ఆమె చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ ఏడాది రాయాల్సిన పరీక్ష పోయింది. గొంతు ఇప్పటికీ బొంగురుగానే ఉంది.

కిటికీ

కొన్నాళ్లకు మధు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆంటీ, మెట్లు గీసియ్యుండ్రి. ఎన్ని మంచాలు పోయినా మంచిదే" అన్నాడు. మళ్లీ తనే, "ఇడిసిపెడ్దామంటె వేరే దారి లేదు. హాస్టల్ నడవాల్నే" అన్నాడు.

నేను నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఇంత జరిగితే కానీ రాని మెట్లు. మళ్లీ కాగితం పరిచాను.

మంచాలు తగ్గించడం, వైర్లు మార్చడం, మెట్ల కింద ఏమీ లేకుండా చేయడం, పైన గాలి దారిని మార్చడం, ఇవన్నీ కుదిరాయి. రెండో మెట్లకే చోటు కుదరలేదు. ముందు వీధి, రెండు పక్కలా పక్క కట్టడాలు ఒరుసుకుని ఉన్నాయి. జాగా ఉన్నది వెనక ఒక్కచోటే. అక్కడ ఇనుప మెట్లు లేపితే అవి సరిగ్గా సరోజక్క కిటికీకి అడ్డంగా వస్తాయి. పొద్దుటి ఎండ పోతుంది. గాలి పోతుంది. కిటికీలోంచి ఇనుప పలకలు, పైకీ కిందికీ పోయే కాళ్లు కనిపిస్తాయి.

కిటికీని తప్పించడానికి రకరకాలుగా గీశాను. మెట్లను పక్కకు జరిపితే మలుపు ఇరుకైపోతుంది. పైకి జరిపితే దిగే చోట గోడ వస్తుంది. గుండ్రటి మెట్లు వేద్దామంటే, పొగలో కళ్లు కనబడక తోసుకుంటూ దిగే పిల్లలకు గుండ్రటి మెట్లంత ప్రమాదం ఇంకోటి లేదు. చించేయడం, మళ్లీ గీయడం. మధు, "ఆంటీ, అమ్మకు నేను చెప్తలే, మీరు కానియ్యుండ్రి" అన్నాడు. వద్దన్నాను. కిటికీ నేనిచ్చింది. అడగాల్సిందీ నేనే.

వెళ్లేసరికి సరోజక్క గట్టు మీద కూర్చుని ఉంది. గోడల మీద మసి ఇంకా పూర్తిగా పోలేదు. కాగితం ఆమె ముందు పరిచి, ఎక్కడేం వస్తుందో వేలుతో చూపించాను. ఇంకో వారం టైమియ్యి, వేరే దారేమన్నా దొరుకుతుందేమో చూస్తానని కూడా అన్నాను.

ఆమె కాగితం వైపు చూడలేదు.

"సుజాతా, ఆ దినం నేను ఈన్నే ఉన్న. పొగల నాకేం కనవడలే. పైకెల్లి పోరగాండ్ల అరుపులు మాత్రం ఇనవడ్డయి. అవ్వా అవ్వా అని నన్నే పిలుస్తుండ్రు. నేనేం చెయ్యగలిగిన? ఈడ కూసోని దగ్గుకుంట ఉన్న."

నేను కాగితం చుట్టి పక్కన పెట్టాను.

"గా అరుపులు ఇంకా పోతలేవు. కండ్లు మూస్తె చాలు, ఇనవడ్తయి. ఇంగ నీ మెట్ల మీద ఆ పిల్లలు దిగుతుంటె కాళ్ల సప్పుడు ఇనవడ్తది కద. అది ఇనవడ్తె నాకు జర నిద్ర వడ్తదేమో. కిటికీ సంగతి ఇడిసిపెట్టు. ఏసెయ్యి."

మెట్లు వేసే పని కుర్మయ్య చూశాడు. బాలమ్మకు మధు చీర తెచ్చి పెట్టాడు. ఆమె తీసుకుని, "చీర మంచిదే సారూ. ముందుగాల ఆ కరెంటు వైర్లు సక్కగ జేయించు" అంది. మధు నవ్వలేక నవ్వాడు.

పని పూర్తయిన రోజు సరోజక్క మంచాన్ని కిటికీకి దూరంగా, ఎదుటి గోడకు జరిపించారు. పగలు కూడా ఆ గదిలో లైటు వేయాల్సి వస్తోంది. నా చేతులతో ఇచ్చిన వెలుతురును నా చేతులతోనే తీసేశాను. తప్పు చేశానని అనుకోను. సంతోషంగా ఉన్నానని కూడా చెప్పలేను. మీరు కూడా ఇలాంటి పనులు చేయాల్సి వస్తుంది. ఎవరూ అభినందించరు, ఫోటోలు తీయరు. చేయాలి, అంతే.

ఆ తర్వాత

శిరీష ఊరికి పోయి, కోలుకుని, మళ్లీ చదువుకోవడానికి వచ్చింది. వేరే హాస్టల్ చూసుకోకుండా అక్కడికే ఎందుకొచ్చావని అడిగాను.

"ఈ గల్లీల అన్ని తిరిగిన మేడం. అన్నిట్ల ఒక్కటే మెట్లున్నయి. ఈ ఒక్కదాంట్లనే రెండున్నయి" అంది బొంగురు గొంతుతో. ఒక్క ప్రమాదం తర్వాత అశోక్‌నగర్ అంతా బాగుపడిందని మీరు అనుకుంటే, ఆ మాటే మీకు జవాబు.

మెట్లు వేసిన కొన్ని నెలలకు ఒకసారి అటు వెళ్తే, పై తలుపుకు తాళం కప్ప కనిపించింది. పిల్లలు అటునుంచి బయటికి పోతున్నారని వార్డెన్ వేయించిందట. మెట్ల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, కింది మెట్టు దగ్గర ఖాళీ గ్యాస్ సిలిండరు. తాళం చెవి ఎక్కడుందంటే మధు సార్ దగ్గర అన్నారు. నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. మధు వచ్చేదాకా కదల్లేదు. వచ్చాడు. నన్ను చూశాడు, తాళాన్ని చూశాడు. చెవి కోసం వెతకలేదు. పక్క సైటు నుంచి సుత్తి తెప్పించి పగలగొట్టాడు. లోపలివైపు నుంచి ఎప్పుడైనా తోస్తే తెరుచుకునే గడియ పెట్టించాను.

ఇప్పుడు నాకు ఆఫీసు లేదు, క్లయింట్లు లేరు. పెన్సిలు పట్టుకుంటే వేళ్లు నొప్పి. అయినా అప్పుడప్పుడు అశోక్‌నగర్ పోతాను. సరోజక్క గదిలో కాసేపు కూర్చుని, చాయ్ తాగి, లోపలి మెట్లెక్కి, పైన వరండా దాటి, వెనక తలుపు తోసి, ఇనుప మెట్ల మీదుగా దిగుతాను. మోకాళ్లు సహకరించవు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతాను. మొదట్లో ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. నేను వచ్చే రోజున మాత్రమే మెట్లు ఖాళీ చేస్తున్నారేమోనని అనుమానం వచ్చింది. అప్పటినుంచి రోజులు మారుస్తున్నాను. ఒక వారం శుక్రవారం, ఇంకో వారం సోమవారం, ఎవరికీ చెప్పకుండా.

మొన్న మంగళవారం వెళ్లాను. తలుపు ఒక్క తోపుకే తెరుచుకుంది. మెట్ల మీద ఒక తువ్వాలు మాత్రం ఆరేసి ఉంది. తీసి, మడిచి, లోపల కుర్చీ మీద పెట్టి దిగి వచ్చాను.